లారీ క్లచ్: జారుతూ పట్టుకునే పళ్ళెం

నిండా లోడు వేసిన లారీ ఆగిన చోటు నుంచి కదలడం మీరు ఎప్పుడైనా నిలబడి గమనించారా? ఇంజను డుగడుగమంటూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం కదలవు. డ్రైవరు గేరు కర్రను ఒక పక్కకు తోసి, ఎడమ కాలిని మెల్లగా పైకి తీస్తాడు. ఇంజను గొంతు ఒక్క క్షణం బరువెక్కుతుంది. లారీ ఒళ్ళంతా ఓసారి సన్నగా వణుకుతుంది. ఆ తర్వాత, తొందరేమీ లేనట్టు, అంగుళం అంగుళంగా ముందుకు పోతుంది.

ఆ రెండు మూడు క్షణాల్లో లారీ కింద ఒక చిత్రం జరిగింది. నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజనుకూ, అసలు తిరగని చక్రాలకూ పొత్తు కుదిరింది. ఇంజను ఆగిపోలేదు, ఇరుసు విరిగిపోలేదు. ఈ పొత్తు కుదిర్చే సాధనమే క్లచ్. మన డ్రైవర్లు ‘క్లచ్చి’ అంటారు. దీని పని ఏమిటో, దీన్ని ఎందుకు జాగ్రత్తగా చూసుకోవాలో, చూసుకోకపోతే ఘాట్ రోడ్డు మీద ఏం ముంచుకొస్తుందో ఈ నెల తెలుసుకుందాం. మీ తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం దీనికి సరిపోతుంది.

ముందుగా ఒక ప్రశ్న. పాత ఆవిరి రైలింజనుకు క్లచ్ ఉండేది కాదు. లారీకి మాత్రం ఎందుకు కావాలి?

ఆవిరి ఇంజనులో బాయిలరు వేరు, సిలిండరు వేరు. చక్రాలు కదలకుండా ఉన్నా బాయిలరులో ఆవిరి సిద్ధంగా ఉంటుంది. కవాటం తెరిస్తే చాలు, ఆవిరి పిస్టన్‌ను పూర్తి బలంతో నెడుతుంది. అంటే ఆగి ఉన్న స్థితి నుంచే అది బలం చూపగలదు. డీజిల్ ఇంజను అలా కాదు. అది తిరుగుతూ ఉంటేనే గాలిని పీల్చుకుని, అదిమి, ఆ వేడిలో డీజిల్‌ను మండించుకుంటుంది. ఆగితే దాని బలం సున్న. నిమిషానికి అయిదారు వందల చుట్ల కంటే బాగా తగ్గితే గుడగుడలాడి చచ్చిపోతుంది. కాబట్టి లారీ ఆగి ఉన్నా ఇంజను తిరుగుతూ ఉండాలి. తిరిగేదాన్ని ఆగి ఉన్నదానికి కలపాలంటే, మధ్యలో కాసేపు జారుతూ క్రమంగా పట్టు బిగించేది ఒకటి కావాలి.

ఈ ఉపాయాన్ని మీలో కొందరు పిండిమరలో చూసే ఉంటారు. పాత పిండిమరల్లో మోటారు నుంచి వచ్చే బెల్టుకు రెండు కప్పీలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి ఇరుసుకు బిగించినది, రెండోది ఇరుసు మీద ఉత్తినే తిరిగేది. మర ఆపాలంటే కర్రతో బెల్టును ఉత్తుత్తి కప్పీ మీదికి తోసేవారు. నడపాలంటే మళ్ళీ బిగింపు కప్పీ మీదికి. బెల్టు కొంచెం కీచుమంటూ జారి, ఆ తర్వాత పట్టుకునేది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల మోటారు బండిలో కూడా క్లచ్ అంటే ఇదే: ఒక బెల్టు, రెండు కప్పీలు!

లారీకి బెల్టు చాలదు. దాని క్లచ్ ఎలా ఉంటుందో ఇప్పుడు లోపలికి పోయి చూద్దాం.

నడుమ పళ్ళెం

ఇంజను వెనుక చివర ఒక బరువైన పోత ఇనుప చక్రం ఉంటుంది. దాని పేరు ఫ్లైవీలు. ఇంజనుతో పాటే అదీ తిరుగుతుంది. ఫ్లైవీలుకు ఒక కవరు బోల్టులతో బిగించి ఉంటుంది. కవరు లోపల ప్రెజర్ ప్లేటు అనే మరో ఇనుప పళ్ళెం, దాన్ని ఫ్లైవీలు వైపుకు నెట్టే బలమైన స్ప్రింగులు ఉంటాయి. ఇవన్నీ ఇంజను పక్షం.

ఫ్లైవీలుకూ ప్రెజర్ ప్లేటుకూ నడుమ, రొట్టెల మధ్య కూరలాగా, ఒక పలుచని పళ్ళెం ఇరుక్కుని ఉంటుంది. అదే క్లచ్ ప్లేటు. దానికి రెండు వైపులా గరుకు లైనింగు రివెట్లతో బిగించి ఉంటుంది. ఈ ప్లేటు గేరుబాక్సులోకి పోయే ఇరుసు మీద కూర్చుంటుంది. ఆ ఇరుసుకు గాళ్ళు ఉంటాయి కాబట్టి ప్లేటు దాని మీద ముందుకూ వెనక్కూ కదలగలదు గాని విడిగా తిరగలేదు. ఇది చక్రాల పక్షం.

పెడల్ తొక్కనప్పుడు స్ప్రింగులు నొక్కుతాయి, ప్లేటు ఇరుక్కుంటుంది, మూడూ కలిసి ఒకే ముక్కలా తిరుగుతాయి. పెడల్ తొక్కితే ఒక బేరింగు ముందుకు వచ్చి, మెకానిక్కులు ‘ఫింగర్లు’ అనే మీటలను నొక్కుతుంది. అవి ప్రెజర్ ప్లేటును వెనక్కు లాగుతాయి. నడుమ ప్లేటు విడిపోతుంది. ఇంజను దారి ఇంజనుది, చక్రాల దారి చక్రాలది.

ఇది మీరే చేసి చూడవచ్చు. గట్టి అట్టతో అరచేయంత బిళ్ళలు రెండు కత్తిరించండి. ఒక్కొక్కదాని మధ్యలో ఒక పెన్సిలు గుచ్చి జిగురుతో నిలబెట్టండి. బిళ్ళల ముఖాలకు నూలుగుడ్డ అంటించండి. ఇప్పుడు ఒక పెన్సిలును మీరు వేళ్ళతో తిప్పుతూ ఉండండి. రెండోది మీ స్నేహితుడు వదులుగా పట్టుకుని, తన బిళ్ళను మీ బిళ్ళకు మెల్లగా ఆనించాలి. మొదట జారుతుంది. ఇంకొంచెం నొక్కితే తడబడుతూ కదులుతుంది. గట్టిగా నొక్కితే రెండూ కలిసి తిరుగుతాయి. తర్వాత గుడ్డ మీద రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి మళ్ళీ చేయండి. ఎంత నొక్కాల్సి వస్తుందో చూడండి. ఇంజను వెనుక ఆయిల్ సీలు కారి క్లచ్ మీద నూనె పడితే లారీకి వచ్చే జబ్బు సరిగ్గా ఇదే.

వైశాల్యం చిక్కు

ఘర్షణ బలం తాకే ముఖాల వైశాల్యం మీద ఆధారపడదని మీ పుస్తకంలో ఉంది. మరి లారీ క్లచ్ ప్లేటు అన్నం తినే కంచం కంటే పెద్దదిగా, ఒక అడుగుకు మించిన అడ్డుకొలతతో ఎందుకుంటుంది? పుస్తకం తప్పా?

తప్పు కాదు. లెక్క చూడండి. స్ప్రింగులన్నీ కలిసి 10,000 న్యూటన్ల బలంతో, అంటే సుమారు ఒక టన్ను బరువుతో నొక్కుతున్నాయనుకుందాం. ఘర్షణ గుణకం 0.3. అప్పుడు ఒక ముఖం మీద ఘర్షణ బలం 3,000 న్యూటన్లు, రెండు ముఖాల మీద 6,000. ఈ బలం మధ్య నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తే తిప్పే శక్తి, అదే పుస్తకంలోని బల భ్రామకం, 6,000 × 0.15 = 900 న్యూటన్ మీటర్లు. ఇంజను 600 న్యూటన్ మీటర్లు ఇచ్చేదైతే ఈ క్లచ్ జారకుండా పట్టి ఉంచగలదు, ఇంకా కొంత మిగులు కూడా ఉంది. ఈ లెక్కలో వైశాల్యం ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. వచ్చింది వ్యాసార్ధం. పళ్ళెం పెద్దదైతే అదే బలం ఎక్కువ దూరం నుంచి తిప్పుతుంది. బావి గిలక పిడి పొడుగైతే సులువుగా తిరిగినట్టే.

మరి వైశాల్యానికి పనే లేదా? ఉంది, కాని పట్టుకోవడంలో కాదు. వేడిని పంచుకోవడంలో, అరుగుదలను పంచుకోవడంలో. ఆ సంగతికి కాసేపట్లో వస్తాం. చాలా పెద్ద లారీల్లో, పళ్ళేన్ని ఇంకా పెంచడానికి చోటు చాలక, రెండు ప్లేట్లు వరసగా పెడతారు. రెండు ముఖాలు నాలుగవుతాయి, అదే స్ప్రింగుతో పట్టు రెట్టింపు అవుతుంది.

టన్ను బరువుతో నొక్కే స్ప్రింగును ఒక మనిషి ఎడమ కాలితో ఎలా వెనక్కు నెడతాడు? ప్లేటు విడిపోవడానికి కదలవలసిన దూరం ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు. 10,000 న్యూటన్లు ఒకటిన్నర మిల్లీమీటర్లు కదిలితే జరిగిన పని 15 జౌళ్ళు. పెడల్ 15 సెంటీమీటర్లు కదులుతుందనుకోండి. అదే 15 జౌళ్ళకు పాదం పెట్టవలసిన బలం 100 న్యూటన్లు, సుమారు 10 కిలోలు. గునపంతో బండరాయి లేపే మీట సూత్రమే ఇది. కీళ్ళ దగ్గర రాపిడి నష్టాల వల్ల నిజంగా పెట్టవలసిన బలం ఇంతకంటే ఎక్కువే. అందుకే పెద్ద లారీల్లో పెడల్‌కూ బేరింగుకూ మధ్య నూనె గొట్టం పెట్టి పాస్కల్ సూత్రాన్ని వాడుకుంటారు. చాలావాటిలో బ్రేకుల కోసం ఎలాగూ ఉండే అదిమిన గాలిని కూడా సాయం తెచ్చుకుంటారు.

సగం వేడికే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

నడుస్తున్న కన్వేయరు బెల్టు మీద ఒక ధాన్యం బస్తా పడవేశారనుకోండి. బెల్టు ఒకే వేగంతో పోతోంది. బస్తా మొదట ఆగి ఉంది, జారుతూ జారుతూ బెల్టు వేగం అందుకుంది. ఆ జారినంతసేపూ బెల్టు ఒక బలంతో లాగింది. బస్తా సగటు వేగం బెల్టు వేగంలో సగమే కాబట్టి, బెల్టు వెళ్ళిన దూరంలో సగమే బస్తా వెళ్ళింది. పని అంటే బలం × దూరం కదా! బెల్టు చేసిన పనిలో సగమే బస్తాకు చేరింది. మిగతా సగం? రాపిడిలో వేడి అయిపోయింది.

క్లచ్‌లోనూ అచ్చం ఇదే. ఇంజను ఒకే వేగంతో తిరుగుతుంటే, లారీని కదిలించడానికి అది ఖర్చుపెట్టిన శక్తిలో సగం లారీకి గతిజ శక్తిగా పోతుంది, అంతే సగం క్లచ్ ముఖాల మీద వేడిగా మారుతుంది. డ్రైవరు ఎంత నేర్పరి అయినా చదును నేల మీద ఈ సగం తప్పదు. క్లచ్ మెల్లగా వదిలినా, త్వరగా వదిలినా సగం సగమే. నేర్పు అంతా ఆ సగం ఎంత చిన్నదిగా ఉండాలి అన్న దగ్గర ఉంది.

అది ఎలాగో 16 టన్నుల లారీతో లెక్కిద్దాం. చక్రం వ్యాసార్ధం అర మీటరు. మొదటి గేరులో ఇంజను 42 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. ఇంజను నిమిషానికి 600 చుట్ల దగ్గర ఉంటే లారీ వేగం సెకనుకు 0.75 మీటర్లు, మనిషి నడక కంటే తక్కువ. గతిజ శక్తి ½ × 16,000 × 0.75 × 0.75 = 4,500 జౌళ్ళు. క్లచ్‌లో పుట్టే వేడి కూడా 4,500 జౌళ్ళే. ఇది లెక్కలోనిది కాదు. ప్రెజర్ ప్లేటు ఒక డిగ్రీ కూడా వేడెక్కదు.

ఇప్పుడు అదే లారీని తొందరపడే డ్రైవరు మూడో గేరులో కదిలించాడనుకోండి. అక్కడ 14 ఇంజను చుట్లకే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను అంతే తిరిగినా లారీ అందుకోవలసిన వేగం మూడు రెట్లు, వేడి 3 × 3 = 9 రెట్లు. లారీ కదలడం లేదని ఇంజన్ని రేజు చేసి 1,200 చుట్లకు తెచ్చాడు. వేగం మరో రెండు రెట్లు, వేడి మరో నాలుగు రెట్లు. మొత్తం 36 రెట్లు! 4,500 కాస్తా 1,62,000 జౌళ్ళయింది. లారీ అదే, రోడ్డు అదే, లోడు అదే. అనుభవమున్న డ్రైవరు లోడు బండిని ఎప్పుడూ మొదటి గేరులో, ఆక్సిలరేటరు మీద పెద్దగా కాలు వేయకుండా కదిలించడం వెనుక ఉన్న సంగతి ఇది. ఆయన ఈ లెక్క వేసి ఉండకపోవచ్చు. క్లీనరుగా ఉన్నప్పుడు గురువు చేత తిట్లు తిని నేర్చుకుని ఉంటాడు.

ఏటవాలు మీద

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. అలాంటి ఎక్కుడు మీద ముందు ఏదో బండి చెడిపోయి లారీలన్నీ బారులు తీరి ఆగాయనుకోండి. వరస కొంచెం కొంచెంగా కదులుతోంది. డ్రైవరు బ్రేకు వేయడానికి బద్ధకించి, క్లచ్‌ను సగం వదిలి, వెనక్కు జారకుండా, ముందుకు పోకుండా లారీని అక్కడికక్కడే నిలబెడతాడు. దీన్నే ‘హాఫ్ క్లచ్’ అంటారు. చూడటానికి గొప్ప నేర్పులా ఉంటుంది.

పది మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు మీద 16 టన్నుల లారీని వెనక్కు లాగే బలం సుమారు 16,000 న్యూటన్లు. మొదటి గేరులో, 600 చుట్ల దగ్గర ఇంజను ఇస్తున్న సామర్థ్యం 16,000 × 0.75 = 12,000 వాట్లు. లారీ కదలడం లేదు కాబట్టి ఇక్కడ సగం లెక్క కూడా లేదు. మొత్తానికి మొత్తం వేడే. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు పన్నెండు ఆ ఒక్క పళ్ళేనికి ఆనించి పెట్టినట్టు! నిమిషానికి 7,20,000 జౌళ్ళు. అంటే చదును మీద 160 సార్లు కదిలించినంత వేడి ఒక్క నిమిషంలో. ఆ వేడితో రెండు లీటర్లకు పైగా నీళ్ళు మరిగించవచ్చు.

ఒక నిమిషంతో ప్లేటు మాడిపోదు. ఇనుము బరువైనది, కొంత ఓర్చుకుంటుంది. కాని అదే పని మూడో గేరులో, 1,200 చుట్ల దగ్గర చేస్తే వేడి ఆరు రెట్లు, నిమిషానికి 43 లక్షల జౌళ్ళు. అందులో సగం 20 కిలోల ప్రెజర్ ప్లేటుకు చేరిందనుకోండి. ఇనుము విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 500 జౌళ్ళు. లెక్క వేస్తే ఒక్క నిమిషంలో 200 డిగ్రీలకు పైగా పెరుగుతుంది! లైనింగులో దారాలను పట్టి ఉంచే జిగురు మాడుతుంది. ఘాటైన వాసన క్యాబిన్ దాకా వస్తుంది. విప్పి చూస్తే ఇనుము మీద నీలం మచ్చలు కనిపిస్తాయి. గాలి తగులుతూ 300 డిగ్రీల దాకా కాగిన ఉక్కు, ఇనుము అలా నీలిరంగు తేలతాయి. పాత కమ్మరులు ఈ రంగు చూసే ఉలికి పదును పెట్టేవారు.

ఇక్కడే అసలు ప్రమాదం. మాడిన లైనింగు పట్టు కోల్పోతుంది. జారితే మరింత వేడి, వేడికి మరింత జారుడు. లారీ ఎక్కడం మానేస్తుంది, అది కొంత నయం. అదే లారీ మలుపు దాటి దిగుడులోకి వచ్చాక క్లచ్ పట్టు వదిలితే? దిగుడులో బరువు బండిని అదుపులో ఉంచేది బ్రేకులొక్కటే కాదు. తక్కువ గేరులో చక్రాలు ఇంజన్ని బలవంతంగా తిప్పుతూ ఉంటే, ఆ ఇంజనే లారీని వెనక్కు లాగిపడుతుంది. ఆ లాగుడు చక్రాలకు చేరే దారి క్లచ్ గుండానే. క్లచ్ జారితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులూ వేడెక్కి పట్టు తప్పితే ఇక ఆపేది లేదు. క్లచ్ వాసన వచ్చినప్పుడు, చోటు చూసుకుని, బండి ఆపి, చక్రాలకు రాళ్ళు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ మీద నుంచి కాలు తీసి, ఇంజన్ని నెమ్మదిగా తిరగనివ్వాలి. తిరిగే కవరే విసనకర్రలా గాలి విసురుతుంది. ఇంజను ఆపేస్తే ఆ గాలి కూడా ఉండదు.

ఎక్కుడులో కదిలించే సరైన పద్ధతి వేరు. ముందు హ్యాండ్ బ్రేకు బండిని పట్టి ఉంచాలి. మొదటి గేరు వేసి క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజను గొంతు బరువెక్కి బండి ముందు భాగం కొంచెం లేవబోతున్నట్టు తోచగానే బ్రేకు తీయాలి. ఆ వెంటనే పెడల్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయాలి. నిలబెట్టే పని బ్రేకుది, కదిలించే పని క్లచ్‌ది.

దిగుడులో మరో పొరపాటు ఉంది, ఇది నమ్మడానికి కష్టంగా ఉంటుంది. మొదటి గేరు వేసి ఉండగా క్లచ్ తొక్కిపట్టి లారీని వదిలేశారనుకోండి. ఇంజను హాయిగా 600 చుట్ల దగ్గర ఉంటుంది. డ్రైవరు చెవికి ఏ చప్పుడూ లేదు. కాని చక్రాలకు అతుక్కుని ఉన్నది క్లచ్ ప్లేటు. లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకుంటే చక్రం నిమిషానికి 212 చుట్లు తిరుగుతుంది, క్లచ్ ప్లేటు దానికి 42 రెట్లు, అంటే దాదాపు 9,000 చుట్లు! లారీ ఇంజన్లు సాధారణంగా రెండు మూడు వేల చుట్లకు మించవు. ప్లేటును చేసింది ఆ వేగానికే. తొమ్మిది వేల దగ్గర అపకేంద్ర బలానికి లైనింగు ముక్కలై చిమ్ముతుంది. గుండ్రాయి వడిసెల నుంచి వెళ్ళినట్టు వెళుతుంది. ‘ఏమీ చేయలేదు, క్లచ్ తొక్కే ఉంచాను, పగిలిపోయింది’ అనే మాట వెనుక ఉన్నది ఈ గుణకారమే.

డీజిల్ కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్ చేసేవారూ ఉన్నారు. గేరులో ఉండి చక్రాలే ఇంజన్ని తిప్పుతున్నప్పుడు, కాలు తీస్తే ఇంజను పంపు డీజిల్‌ను ఇంచుమించు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగకుండా ఉండటానికి డీజిల్ పోయవలసిందే. ఆదా చేయబోయి ఖర్చు!

ఒక గేరుకు రెండు తొక్కుళ్ళు

పాత లారీలు నడిపిన తాతలను అడిగితే ‘డబుల్ క్లచ్’ గురించి చెబుతారు. ఆ గేరుబాక్సుల్లో పళ్ళ చక్రాల వేగాలను సమం చేసే సింక్రోనైజర్లు ఉండేవి కావు. వేగాలు కలవకుండా గేరు తోస్తే గరగరమని పళ్ళు అరిచేవి. తక్కువ గేరులోకి దిగాలంటే గేరుబాక్సు ముందు ఇరుసు ఇంకా వేగంగా తిరగాలి. దాన్ని ఎవరు తిప్పాలి? ఇంజనే. అందుకని క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, ఒక్కసారి ఆక్సిలరేటరు తట్టి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేసేవారు. న్యూట్రల్‌లో క్లచ్ వదలడం ఎందుకో గ్రహించారా? వదిలితేనే ఇంజను వేగం ఆ ఇరుసుకు అందుతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో, చెవితో విని చేసేవారు.

అరిగితే ఆట తగ్గుతుంది

క్లచ్ పెడల్‌ను చేత్తో నొక్కి చూస్తే మొదట కొంత దూరం ఉత్తినే కదులుతుంది. తర్వాతే బిగువు తగులుతుంది. ఈ ఉత్తి కదలికను మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. మనం ఆట అందాం. తీగతోనో కడ్డీతోనో పనిచేసే పాత రకం క్లచ్‌లలో ఇది ఇంచుమించు ఒకటి, ఒకటిన్నర అంగుళాలు ఉండేలా సరిచేస్తారు. ఆ బండి పుస్తకంలో ఉన్న కొలతే ఖాయం.

ఏ యంత్రమైనా అరిగిన కొద్దీ వదులవుతుంది, ఆట పెరుగుతుంది అనుకుంటాం. క్లచ్‌లో తలకిందులు! లైనింగు అరిగి పలుచనైతే ప్రెజర్ ప్లేటు ఫ్లైవీలు వైపు ఇంకొంచెం జరుగుతుంది. ఫింగర్లు తరాజు కర్రలాంటివి కదా, ఆ కొన జరిగితే ఈ కొన బేరింగు వైపు వస్తుంది. బేరింగుకూ ఫింగర్లకూ మధ్య ఎడం తగ్గుతుంది. పెడల్ ఆట తగ్గడమంటే అదే. పట్టించుకోకపోతే ఒకనాటికి ఆట సున్న అవుతుంది. అప్పుడు ఎవరూ తొక్కకుండానే పెడల్ కొంచెం తొక్కినట్టే లెక్క. స్ప్రింగు బలంలో కొంత బేరింగు మీద వృథా అవుతుంది, ప్లేటు జారుతుంది, జారితే ఇంకా అరుగుతుంది. నట్టు రెండు చుట్లు తిప్పితే సరిపోయేదానికి గేరుబాక్సు దింపి ప్లేటు మార్చే పని పడుతుంది. లారీ ఒక రోజు షెడ్డులో ఉంటే ఆ రోజు కిరాయి లేదు. సొంత లారీ నడుపుకునే కుటుంబానికి ఇది చిన్న దెబ్బ కాదు.

నడుపుతున్నంతసేపూ పెడల్ మీద ఎడమ పాదం ఆనించి ఉంచడం కూడా ఇదే పని చేస్తుంది. పాదం బరువుకే ఆట పోతుంది.

నూనె గొట్టం ఉన్న క్లచ్‌లలో చాలావాటికి ఆట దానంతటదే సర్దుకుంటుంది. వాటి జబ్బు మరొకటి. గొట్టంలో గాలి చేరితే, నూనెలా కాకుండా గాలి అదుముడుకు నలుగుతుంది. పెడల్ కిందిదాకా పోయినా ప్లేటు పూర్తిగా విడిపోదు, గేరు వేస్తే గరగరమంటుంది. డబ్బాలో నూనె మట్టం చూడటం, గాలి తీయించడం దీనికి మందు.

లైనింగు దుమ్ము గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా ఏళ్ళు ఈ లైనింగులను ఆస్బెస్టాస్ నారతో చేసేవారు. వేడికి కాలదని దాన్ని ఎంచుకున్నారు. ఆ నార పోగులు కంటికి కనబడనంత సన్నగా ఊపిరితిత్తుల్లోకి పోయి, ఏళ్ళ తరువాత నయంకాని జబ్బులు, క్యాన్సరు తెస్తాయని తేలింది. ఆ తర్వాత గాజు నార, అరామిడ్ నార, రాగి, ఇత్తడి తీగలు కలిపిన లైనింగులు, బరువు బండ్లకు లోహమూ పింగాణీ కలిపిన బిళ్ళలు వచ్చాయి. అయినా పాత బండిలో ఏముందో పైకి చూసి చెప్పలేం. క్లచ్ విప్పినప్పుడు ఆ నల్లని దుమ్మును నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి. మీ ఇంట్లో ఎవరైనా షెడ్డులో పనిచేస్తుంటే ఈ సంగతి వారికి తప్పక చెప్పండి.

కొత్త లారీలు కొన్నింటిలో క్లచ్ ఉంటుంది గాని పెడల్ ఉండదు. ఎప్పుడు ఎంత వదలాలో కంప్యూటరు లెక్కగట్టి, గాలి బలంతో ఆ పని చేయిస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు ఆవిరి ఇంజనులాగే ఆగి ఉన్నచోటు నుంచే బలం చూపుతుంది కాబట్టి, 2022లో తిరుమల ఘాట్ మీదికి వచ్చిన ఎలక్ట్రిక్ బస్సుల్లాంటి వాటికి సాధారణంగా క్లచ్ అవసరమే లేదు.

చివరగా మీకో లెక్క. 20 టన్నుల లారీ 20 మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు మీద ఉంది. డ్రైవరు మొదటి గేరులో, ఇంజను 600 చుట్ల దగ్గర, హాఫ్ క్లచ్‌తో దాన్ని 20 సెకన్లు నిలబెట్టాడు. మిగతా కొలతలన్నీ పైన చెప్పినవే. క్లచ్‌లో పుట్టిన వేడి ఎన్ని జౌళ్ళు? ముందు మీరు చేసి, తర్వాత కింద చూడండి.

జవాబు: 1,50,000 జౌళ్ళు.